కాయగూరల ఆవకాయ: కాలీఫ్లవర్, క్యారెట్, దొండకాయ విడత

తొడిమలూ తొక్కలూ తీసి తరిగాక తూకం: కాలీఫ్లవర్ 500 గ్రాములు, క్యారెట్ 300, దొండకాయ 250, పచ్చిమిర్చి 100, అల్లం 50. వంకాయ, బెండకాయ దీనికి పనికిరావు.

మొదటి రోజు కడగడం, ఆరబెట్టడం. పువ్వు ముక్కల్ని ఉప్పు, పసుపు వేసిన మరిగే నీళ్ళలో రెండు నిమిషాలు ఉంచి తీసేయాలి. ఇది పురుగు పోవడానికే. ముక్క ఉడికిందంటే ఊరాక మెత్తగా చితికిపోతుంది. మిగతావి కడిగి, తుడిచి, ఆ తర్వాతే తరగాలి. రాత్రంతా ఫ్యాను కింద పాత పంచె మీద పరిచి, మర్నాడు రెండు గంటలు ఎండ తగలనిచ్చాను. క్యారెట్ ముక్క వంచితే టప్పున విరక్కుండా కాస్త సాగి విరిగితే చాలు. కాలీఫ్లవర్‌ని మాత్రం కాడ పైకి వచ్చేలా బోర్లించాలి. మొగ్గల సందుల్లో నీళ్ళు దాక్కుంటాయి, బూజు మొదలయ్యేది అక్కడే.

ఆరాక సుమారు కిలో తూగింది. దానికి ఉప్పు 110 గ్రాములు, కారం 100, ఆవపిండి 80, మెంతిపిండి 10, పసుపు ఒక చెంచా, నిమ్మరసం 200 మిల్లీలీటర్లు, కాచి పూర్తిగా చల్లార్చిన పప్పునూనె 300 మిల్లీలీటర్లు. ఉప్పు తూచే వేసుకోండి. కల్లుప్పు, మెత్తనుప్పు చెంచాకి ఒకే బరువు ఉండవు. ఆవాలు ఎండలో పెట్టి, మిక్సీ ఆపి ఆపి తిప్పాలి. ఏకబిగిన తిప్పితే పిండి వేడెక్కి, నూనె దిగి, చేదెక్కుతుంది.

ముందు ఉప్పు, నిమ్మరసం ముక్కలకి పట్టించి అరగంట ఆగాలి. తర్వాత పొడులు, చివర నూనె. నూనె ముందు పోస్తే అది ముక్కని కప్పేసి ఉప్పూ పులుపూ లోపలికి దిగనివ్వదు.

మూడో రోజు జాడీ అడుగునుంచి తిరగకలపాలి. ఇప్పుడు ఉప్పు కాస్త ఎక్కువే అనిపించాలి. వారానికి ముక్క పీల్చుకుని సర్దుకుంటుంది. ఆవ చేదు కూడా నాలుగైదు రోజుల్లో తగ్గుతుంది, తొందరపడి బెల్లం వేయొద్దు. ఊట నీళ్ళలా జారుతుంటే ముక్కలు సరిగ్గా ఆరలేదని అర్థం. అప్పుడు 20 గ్రాముల ఆవపిండి, 10 గ్రాముల ఉప్పు కలిపితే చిక్కబడుతుంది, కానీ అలాంటి పచ్చడి త్వరగా వాడేయాలి.

మామిడికాయ ఆవకాయలా దీన్ని ఏడాదంతా బయట ఉంచకూడదు. మామిడి ముక్కలో పులుపు పుట్టుకతోనే ఉంది. ఇక్కడ ఉన్న పులుపంతా మనం పోసిన నిమ్మరసమే. అందుకే నిమ్మరసం తగ్గించొద్దు. మూడో రోజు కలిపాక జాడీ ఫ్రిజ్‌లో పెట్టి రెండు నెలల్లో అవగొట్టాలి. వెల్లుల్లి వేసేవాళ్ళు రెబ్బల్ని కూడా చీల్చి, ముక్కలతోపాటే నిమ్మరసం పట్టించండి. పులుపు తగలని వెల్లుల్లి నూనెలో మునిగి ఉండటం ప్రమాదం. నూలులాంటి బూజు కనిపిస్తే పై పొర తీసేసి తినడం వద్దు, జాడీ మొత్తం పారబోయాలి.

వారం తర్వాత రుచి చూస్తే క్యారెట్, కాలీఫ్లవర్ కరకరలాడుతున్నాయి. చక్రాల్లా తరిగిన దొండకాయ గింజల దగ్గర మెత్తబడింది. వచ్చే విడతలో లేత కాయలు ఏరి నిలువుగా నాలుగు చీలికలు చేస్తాను.