వోచరు మీద లేని పేరు

చిక్కడపల్లిలో మా ఇంటికి వయొలిన్ నేర్చుకోవడానికి వచ్చే కుర్రాడు, ఒక సినిమా పాటలో నా వాయిద్యం ఉందని తెలిసి, ఆ పాట మోగిన ప్రతిసారీ నాకెంత వస్తుందని అడిగాడు. ఏమీ రాదన్నాను. ఆ రోజు కాల్‌షీటు ముగిశాక వోచరు మీద సంతకం పెట్టి డబ్బు తీసుకున్నాను. ఇకపై ఏ హక్కూ కోరనన్న వాక్యం అందులో ఉందని ఇంటికి వచ్చాక గాని చూసుకోలేదు.

నిర్మాత డబ్బిచ్చి చేయించుకున్న పాటకు, వేరే ఒప్పందం లేని పక్షంలో, నిర్మాతే తొలి యజమాని అని సుప్రీంకోర్టు 1977లో తేల్చింది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించిన తరువాత, గేయ రచయితా స్వరకర్తా తమ హక్కులను రాసిచ్చినప్పటికీ, థియేటర్లో సినిమాతోపాటు వినిపించడం మినహా మిగిలిన వాడకాల మీద వచ్చే రాయల్టీలో సమాన వాటాను, వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప, మరెవరికీ వదులుకోలేరు. వారి తరఫున రాయల్టీ వసూలు చేసే అలాంటి సొసైటీ, ఐపీఆర్ఎస్, 1969 నుంచి ఉంది. గాయకులు 2013లో ఇస్రా పేరుతో తమ సంఘం పెట్టుకున్నారు.

మరి వాద్యకారుడి సంగతేమిటి? చట్టం చెప్పే ప్రదర్శకుల్లో అతడూ ఉన్నాడు. వాణిజ్యపరమైన వాడకం మీద ప్రదర్శకులకు రాయల్టీ ఉందని 38ఎ సెక్షన్ అంటుంది. అయితే ఏ పాటలో ఎవరు వాయించారో రాసిపెట్టని చోట, పంచేవారి చేతిలో డబ్బున్నా ఎవరికి పంచాలో తెలియదు. నా దృష్టిలో అసలు చిక్కు చట్టంలో కన్నా ఈ రాయకపోవడంలోనే ఎక్కువగా ఉంది.

నిజానికి నా ఇల్లు గడిచేది స్టూడియోల వల్ల కాదు, ముహూర్తాల వల్ల. మూఢం వచ్చిందంటే నాకు పని ఉండదు. పెళ్లి ఊరేగింపులో, పెళ్లికి సంబంధించిన వేడుకల్లో పాట వినిపించడం ఉల్లంఘన కాదని చట్టమే మినహాయించింది కాబట్టి, నేను రిసెప్షన్లలో వాయించే సినిమా పాటలకు వాటి స్వరకర్తలకు దమ్మిడీ ముట్టదు. (1847లో సిద్ధి పొందిన త్యాగరాజస్వామి కృతులకు ఈ లెక్కే లేదు, రచయిత మరణించాక అరవై ఏళ్లకు హక్కు తీరిపోతుంది.) ఫిర్యాదు చేసే నేనే ఇంకొకరి పాట మీద బతుకుతున్నానన్న స్పృహ నాకుంది.

పోయిన నెల కృష్ణానగర్‌లో ఒక రికార్డింగుకు వెళ్లినప్పుడు, పాట పల్లవి, నా పేరు, వాయిద్యం పేరు వోచరు మీద రాయమని కోఆర్డినేటరును అడిగాను. ఆయన నవ్వి, ‘ఎందుకు సార్ ఇవన్నీ’ అంటూనే రాశారు. దాన్ని ఫోనులో ఫొటో తీసుకున్నాను.