ట్రిపాన్ బ్లూ చెప్పని లెక్క: నిల్వ రక్తకణాల నాణ్యత చూడటంలో నా అనుభవం

గడ్డకట్టించి నిల్వ ఉంచిన పీబీఎంసీ (ఒక రకం తెల్ల రక్తకణాలు) వయల్‌ను, అంటే చిన్న సీసాను కరిగించడం, చచ్చిన కణాలను నీలంగా చూపించే ట్రిపాన్ బ్లూ రంగు వేయడం, "92 శాతం బతికున్నాయి" అని రిజిస్టర్‌లో రాయడం. చాలా ల్యాబుల్లో నాణ్యత పరీక్ష అక్కడితో అయిపోతుంది. ఆ అంకెను నేను సగమే నమ్ముతాను. కంటికి కనిపిస్తున్న కణాల్లో బతికున్నవెన్నో మాత్రమే అది చెబుతుంది. పగిలి కరిగిపోయిన కణాలు అందులో లెక్కకే రావు. అందుకే నేను చూసేవి మూడు: వయల్‌లో పెట్టినవాటిలో ఎన్ని తిరిగొచ్చాయి, ఒక రాత్రి ఇంక్యుబేటర్‌లో ఉన్నాక ఎన్ని మిగిలాయి, మిగిలినవి పనిచేస్తున్నాయా.

పీబీఎంసీలంటే ఫైకాల్ అనే బరువైన ద్రవం మీద రక్తాన్ని పోసి, తిప్పి వేరుచేసిన లింఫోసైట్లు, మోనోసైట్లు. ఎర్ర కణాలకు, మూలకణాలకు ఈ లెక్కలు వర్తించవు.

వయల్ తీసేముందు దాని కాగితాలు చదువుతాను. మొదట చూసేది రక్తం తీసిన సమయానికీ కణాలను ఫ్రీజ్ చేసిన సమయానికీ మధ్య తేడా. 8 గంటల లోపైతే నిశ్చింత. 24 గంటలు దాటితే గ్రాన్యులోసైట్లు (మరో రకం తెల్ల కణాలు) అడుక్కి దిగకుండా పీబీఎంసీ పొరలోనే ఉండిపోతాయి. అవి ఫ్రీజ్ చేయడాన్ని తట్టుకోలేవు. కరిగించగానే చచ్చి, వాటి డీఎన్‌ఏ జిగురులా మిగతా కణాలను ముద్దచేస్తుంది. రక్తాన్ని ఫ్రిజ్‌లో పెట్టినా మంచిది కాదు, గది ఉష్ణోగ్రతలోనే ఉంచాలి. గది ఉష్ణోగ్రతంటే 18 నుంచి 25 డిగ్రీలు. మే నెల హైదరాబాద్‌లో ఏసీ లేని వరండా ఆ మాట కిందికి రాదు!

తర్వాత చూసేది చల్లబరిచిన తీరు. మామూలు మిశ్రమం 90 శాతం సీరం, 10 శాతం డీఎంఎస్‌ఓ (మంచు నుంచి కణాలను కాపాడే ద్రవం). ఒక్కో మిల్లీలీటరుకు 50 లక్షల నుంచి కోటి కణాలు. నిమిషానికి ఒక్క డిగ్రీ చొప్పున చల్లబడాలి. మిస్టర్ ఫ్రాస్టీ లాంటి డబ్బాలో ఆ వేగం ఐసోప్రొపనాల్ వల్ల వస్తుంది, అయిదుసార్లు వాడాక ఆ ఆల్కహాల్ మార్చాలి. డబ్బా మూత మీద తేదీలు రాసే అలవాటు లేని చోట నేను ఆ బ్యాచ్ మొత్తాన్ని అనుమానంగానే చూస్తాను. మైనస్ 80 ఫ్రీజర్ ఒక మజిలీ మాత్రమే. మర్నాడే లిక్విడ్ నైట్రోజన్ ఆవిరిలోకి, అంటే మైనస్ 135కి దిగువకు చేరాలి. వారాల తరబడి మైనస్ 80లోనే ఉన్నవాటి సంఖ్య తగ్గిపోతుంది. పక్క వయల్ కోసం ర్యాక్ పైకి లాగిన ప్రతిసారీ మిగతావీ కొంత వేడెక్కుతాయి. డ్రై ఐస్ మీద వచ్చిన వయల్ మైనస్ 78 దాకా వేడెక్కి వచ్చినట్టే లెక్క.

ఇక కరిగించడం. ముఖానికి షీల్డ్ తప్పనిసరి, ద్రవంలో మునిగిన వయల్‌లోకి నైట్రోజన్ దూరి ఉంటే అది బయటికి తీయగానే పేలవచ్చు. 37 డిగ్రీల వాటర్ బాత్‌లో మూత మునగకుండా పట్టుకుని, మెల్లగా తిప్పుతూ, శనగగింజంత మంచు మిగలగానే తీసేస్తాను. రెండు నిమిషాలు కూడా పట్టదు. అసలు నష్టం దీని తర్వాతే జరుగుతుంది. కణం నిండా డీఎంఎస్‌ఓ ఉంటుంది. మీడియం (కణాలను పెంచే ద్రవం) ఒక్కసారిగా పోస్తే నీళ్లు లోపలికి చొచ్చుకెళ్లి కణం ఉబ్బి పగులుతుంది. అందుకే 37 డిగ్రీల ఆర్‌పీఎంఐ మీడియం, 10 శాతం సీరం కలిపినది, మొదటి మిల్లీలీటరు చుక్కచుక్కగా ఒక నిమిషం పాటు వేయాలి. ఆ తర్వాత 10 మిల్లీలీటర్లకు నింపి, సెంట్రిఫ్యూజ్‌లో 300 జి దగ్గర 10 నిమిషాలు తిప్పాలి. ముద్దలు కనిపిస్తే డీఎన్‌ఏను ముక్కలు చేసే ఎంజైమ్ బెంజోనేజ్ 25 నుంచి 50 యూనిట్లు, మిల్లీలీటరుకు. వోర్టెక్స్ (ట్యూబును గట్టిగా కుదిపే యంత్రం) మాత్రం వద్దు.

లెక్కింపులో ట్రిపాన్ బ్లూ, కణాలు సమానంగా కలిపి హీమోసైటోమీటర్ (కణాలు లెక్కించే గళ్ల గాజుపలక) నాలుగు మూలల గళ్లు చూస్తాను. ఉదాహరణకు, కోటి కణాలు పెట్టిన వయల్‌ను 5 మిల్లీలీటర్లలో కలిపామనుకోండి. నాలుగు గళ్లలో తెల్లగా ఉన్నవి 320, నీలంగా ఉన్నవి 40. సగటు 80, దాన్ని రంగుతో పలచబడినందుకు 2తో, ఆపైన గడి పరిమాణాన్ని బట్టి 10,000తో గుణిస్తే మిల్లీలీటరుకు 16 లక్షలు, మొత్తం 80 లక్షలు. బతికున్నవి 89 శాతం, తిరిగొచ్చినవి 80 శాతం. మంచి వయలే. రంగు కలిపాక అయిదు నిమిషాల్లో లెక్క ముగియాలి, ఆలస్యమైతే బతికున్నవీ నీలమవుతాయి. ఎర్ర కణాలు ఎక్కువుంటే ఏఓ-పీఐ (అక్రిడిన్ ఆరెంజ్, ప్రొపీడియం అయొడైడ్) రంగులు మేలు, కేంద్రకం ఉన్నవే వెలుగుతాయి.

ఆ 80 లక్షల్లో కొన్ని అప్పటికే చావు దారిలో ఉంటాయి. అపొప్టోసిస్ (కణం తనంతట తాను చనిపోవడం) తొలిదశలో పొర గట్టిగానే ఉంటుంది కాబట్టి ట్రిపాన్ బ్లూ లోపలికి పోదు. అందుకే మిల్లీలీటరుకు 10 నుంచి 20 లక్షలుగా పలచన చేసి, మూత వదులు చేసి, 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్‌లో రాత్రంతా ఉంచుతాను. మర్నాడు మళ్లీ లెక్క. అప్పుడు బతికున్నవి 40 లక్షలే తేలి, శాతం మాత్రం 88 ఉందనుకోండి. చచ్చినవి చాలావరకు కరిగిపోవడం వల్లే శాతం అంత బాగుంది. నిజానికి సగం పోయాయి. శాతాన్ని ఒంటరిగా నమ్మొద్దనేది ఇందుకే.

రాత్రి ఆగే వీల్లేకపోతే చావు దారిలో ఉన్న కణాలకు అంటుకునే అనెక్సిన్-వి, చచ్చినవాటిలోకి దూరే 7-ఏఏడీ రంగు వేసి, కణాలను ఒక్కొక్కటిగా లేజర్‌తో చూసే ఫ్లో సైటోమీటర్‌లో చూడొచ్చు. అనెక్సిన్ అంటుకోవడానికి కాల్షియం కావాలి. అలవాటుగా, కాల్షియాన్ని పట్టేసే ఈడీటీఏ ఉన్న బఫర్‌తో కడిగితే ఏమీ అంటదు, కణాలన్నీ ఆరోగ్యంగా ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. అదే ఫ్లోలో టీ కణాలకు, బీ కణాలకు, మోనోసైట్లకు వరసగా గుర్తులైన సీడీ3, సీడీ19, సీడీ14 కూడా చూస్తాను. రాత్రి ప్లాస్టిక్ ప్లేటులో ఉంచితే మోనోసైట్లు అడుగుకు అతుక్కుపోతాయి. సీడీ14 తగ్గిందని వయల్‌ను నిందించే ముందు పాలీప్రొపిలీన్ ట్యూబ్ వాడామా లేదా అని చూసుకోవాలి.

చివరిది పనితనం. ఇంటర్‌ఫెరాన్ గామా అనే ప్రొటీన్ విడుదల చేసే కణాలను చుక్కలుగా చూపించే ఎలిస్పాట్ పరీక్షలో బావికి (ప్లేటులోని చిన్న గుంటకు) 2 లక్షల కణాలు, ఒకదానికి కణాలను రెచ్చగొట్టే పీహెచ్‌ఏ, ఒకదానికి ఉత్త మీడియం. బావికి వేసే సంఖ్య రాత్రి తర్వాతి లెక్క నుంచే తీయాలి, లేకపోతే చచ్చినవాటినీ కలిపి వేసినట్టు. పీహెచ్‌ఏ బావి చుక్కలతో నిండకపోతే, లేదా ఉత్త మీడియంలోనే చుక్కలు ఎక్కువుంటే, ఆ వయల్ ఎలిస్పాట్‌కు పనికిరాదు. తప్పు కణాలదా, ఆ రోజు సీరందా అని తేల్చడానికి ఒకే దాత నుంచి దాచిన వయల్ ఒకటి ప్రతిసారీ పక్కన నడుపుతాను.

కరిగించగానే బతికున్నవి 80 శాతం దాటి, రాత్రి తర్వాత 70 శాతానికి తగ్గకపోతే, సంఖ్య కూడా చూసుకునే పనితనం పరీక్షలకు పంపుతాను. అంతకు తగ్గినదాన్ని పారేయను. చచ్చిన కణాలను వేరుగా చూపించే రంగు వేస్తే ఉపరితల గుర్తుల ఫ్లోకు చాలావరకు పనికొస్తుంది. అదీ కాకపోతే డీఎన్‌ఏకు, 10 లక్షల కణాల్లో సుమారు 6 మైక్రోగ్రాములు ఉంటుంది. డీఎన్‌ఏ కోసమని ముందే అనుకుంటే ఆ వయల్‌లో బెంజోనేజ్ వేయకూడదు.