“ఆమెకు నువ్వేమవుతావు?”

నిన్న ఒకటో తేదీ. పొద్దున్నే మా పక్కింటి అవ్వ చేతికి 4,000 రూపాయల పింఛను వచ్చింది. రెండు నెలలు తిరిగాం దానికి. నా కడుపుమంట ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

మాది కడప జిల్లా, సిద్ధవటం దగ్గర చిన్న ఊరు. అవ్వ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. నా బిడ్డలిద్దరికీ పురిట్లో నీళ్లు పోసింది ఆమే. ఒక్కడే కొడుకు, కువైట్‌లో ఉన్నాడు. తాత నిద్రలోనే పోతే మూడో రోజుకు వచ్చి, దినాలు చేసి, సెలవు లేదని వెళ్లిపోయాడు. ఆ పిల్లోడిని నేను తప్పుపట్టను. కానీ దినాల అన్నం తిన్న బంధువులు నలభై మంది ఉన్నారు. అందులో ఇద్దరు గవర్నమెంటు ఉద్యోగులు. చావు నమోదు చేయించాలని ఒక్కరికీ తోచలేదు.

తాతకు వృద్ధాప్య పింఛను వచ్చేది. ఇంట్లో ఒకరికే ఇస్తారు కాబట్టి అవ్వకు లేదు. పింఛను తీసుకునే భర్త పోతే భార్యకు ఇస్తారు, స్పౌజ్ పింఛను అంటారు. గ్రామ సచివాలయంలో అమ్మాయి ఓపిగ్గా చెప్పింది, మరణ ధ్రువపత్రమూ ఆధార్ కార్డూ తెస్తే చాలని. పసుపు తవ్వి తవ్వి అరిగిన వేళ్లు కదా, అవ్వ వేలిముద్ర పడలేదు. ఫోన్‌లో ముఖం చూపిస్తే సరిపోయింది.

చిక్కంతా ఆ ధ్రువపత్రం దగ్గరే. చావును 21 రోజుల్లోపు నమోదు చేయించుకోవాలి. అది దాటితే ఆలస్య రుసుము, 30 రోజులు దాటితే పై అధికారి రాతపూర్వక అనుమతి, ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వు. మేం లెక్క చూసుకునేసరికి 52 రోజులు.

ఆ అనుమతి కోసం అవ్వను ఆటోలో ఎక్కించుకుని ఒక ఆఫీసుకు వెళ్లాను. ఏ ఆఫీసో చెప్పను. పదిన్నరకు వెళితే పన్నెండున్నర దాటాక పిలిచారు. ఫారం నేనే నింపాను. అందులో సంబంధం అని ఉన్నచోట ‘పక్కిల్లు’ అని రాశాను. అక్కడి అధికారి ఆ మాట మీద వేలు పెట్టి అడిగాడు.

“ఆమెకు నువ్వేమవుతావు?”

“పక్కింటోళ్లం సార్.”

“అది కాదమ్మా, చుట్టరికం ఏంది?”

“చుట్టరికం లేదు సార్.”

అప్పుడు తలెత్తి చూశాడు. “ఈ కాలంలో ఊరికే ఎవరు తిరుగుతారమ్మా? ఇల్లు రాయించుకున్నావా, పింఛన్‌లో వాటా మాట్లాడుకున్నావా?”

నా వెనక పదిహేను మంది నిలబడి ఉన్నారు. కొందరు నవ్వారు. ఒకామె నన్ను కాళ్ల నుంచి తల దాకా చూసింది. చెవులు భగ్గుమన్నాయి. మా వీధిలో నీళ్ల ట్యాంకర్ గొడవ వచ్చినా, కరెంటు పోయినా ముందు మాట్లాడేది నేనే. అక్కడ మాత్రం నోరు పెగల్లేదు. అవ్వకు చెవులు సరిగా వినపడవు. నా కొంగు పట్టుకుని “ఏమంటాండాడు అమ్మీ?” అంది.

“ఏలిముద్ర ఎయ్యమంటాండాడు అవ్వా” అని అబద్ధం చెప్పాను.

సొంతవాళ్లు ఎవరైనా ఉంటే తీసుకురమ్మని కాగితం పక్కన పడేశాడు. ఆటోలో వస్తున్నంతసేపూ అవ్వ అడుగుతూనే ఉంది, పని అయిందా అని. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు. తాత పోయిన రాత్రి అవ్వ గోడ మీద తట్టింది. పరుగెత్తింది మేమే. పాడె మోసిన నలుగురిలో మా ఆయన ఒకడు. ఆ రాత్రి ఎవరూ చుట్టరికం అడగలేదు.

మళ్లీ వెళ్లనని మా ఆయనతో అన్నాను. నాలుగో రోజు వెళ్లాను. ఆ ఆఫీసులోనే ఒక చిన్న ఉద్యోగి బయటికి వచ్చి మెల్లిగా దారి చెప్పాడు. “దరఖాస్తుదారు అవ్వే కదక్కా. సంబంధం దగ్గర ‘భార్య’ అని రాసి ఆమె వేలిముద్ర వేయించు. నువ్వు తోడు వచ్చావు, అంతే.” ఈ ఒక్క మాట మొదటాయన చెప్పి ఉంటే సరిపోయేది! మీరు ఎవరికైనా తోడు వెళితే మీ పేరు ఆ ఫారంలో రాయకండి. గేటు దగ్గర 2,000 ఇస్తే చేసిపెడతానన్నవాడికి ఒక్క రూపాయి ఇవ్వకండి. నేను ఇవ్వలేదు, అయినా పని అయింది.

తర్వాత వీఆర్వో విచారణకు మా వీధికి వచ్చాడు. అరుగు మీద కూర్చుని పంచనామా రాశాడు. ‘చుట్టుపక్కల వారిని విచారించగా’ అని మొదలుపెట్టి, సాక్షులు సంతకాలు పెట్టాలన్నాడు. ఎవరు పెట్టాలని అడిగితే పక్కింటివాళ్లు అన్నాడు. మొదటి సంతకం నాదే. పేరు మొత్తం, ఇంటిపేరుతో సహా, తెలుగులో పెద్ద అక్షరాలతో రాశాను.

ధ్రువపత్రం వచ్చాక మిగతాదంతా సచివాలయంలో ఒక్క పూటలో అయిపోయింది.

పోయిన నెల మా వీధి చివరింట్లో పెద్దాయన పోయాడు. మూడో రోజే వెళ్లి కోడలిని ఆధార్ జిరాక్స్ అడిగాను. ఏడుపు ఇంట్లో ఇదేందని అత్తగారు కోప్పడింది. పడ్డాను. కోడలితో సంతకం పెట్టించి, తనని వెంటబెట్టుకుని పంచాయతీలో ఇచ్చి వచ్చాను. ఇరవై ఒకటో రోజు రాకముందే కాగితం వాళ్ల చేతికొచ్చింది.