ఎండ పడ్డాక ఊదారంగు

ఈ పొద్దున మగ తేనెపిట్ట ఫొటో నేను అనుకున్నట్టే వచ్చింది. రోజంతా అదే సంతోషం.

నీడలో చూస్తే అది ఉత్త నల్లపిట్ట. ఎండ నేరుగా పడితేనే మెడ మీద ఊదా, నీలం, ఆకుపచ్చ ఒకదాని వెంట ఒకటి మెరుస్తాయి. ఆ మెరుపు ఈకలకు పూసిన రంగు కాదు. ఈకల్లోని అతి సన్నని పొరల మీద వెలుగు పడి తిరిగి వచ్చేటప్పుడు పుడుతుంది. అందుకే సూర్యుడు పిట్ట వెనక ఉంటే ఎంత మంచి కెమెరా అయినా బొగ్గుముక్కనే చూపిస్తుంది. నేను బట్టలుతికే బండ పక్కన, సూర్యుడికి వీపు పెట్టి నిలబడ్డాను. కడపలో మార్చి ఎండ తెలిసిందే కదా, తొమ్మిది దాటితే పిట్టా ఉండదు, మనమూ ఉండలేం. షట్టర్ వేగం సెకనులో 1/1600 వంతు పెట్టి, ఎక్స్‌పోజర్ (ఫొటోలో పడే వెలుగు) కొంచెం తగ్గించాను.

వచ్చింది. మందారం పువ్వులోకి ముందు నుంచి పోదు అది. పక్కకు వాలి, పువ్వు మొదలు దగ్గర ముక్కుతో పొడిచి, అక్కడి నుంచే తేనె తాగుతుంది. తర్వాత మునగకొమ్మ చివరికెక్కి ఒళ్ళంతా ఊపుతూ ఒకటే కూత. కూస్తూ రెక్కలు కాస్త విప్పినప్పుడు చంకలో దాచుకున్న పసుపు కుచ్చు బయటపడింది! ఆడపిట్ట పక్కనున్నప్పుడు దాన్ని అలా చూపిస్తుంది. ఇన్నాళ్ళూ నేను ఎదురుచూసింది ఆ క్షణం కోసమే. చేతులు వణికినా ఫోకస్ తప్పలేదు.

ఆడపిట్టకు ఈ హంగులేవీ లేవు. పైన బూడిదాకుపచ్చ, కింద లేత పసుపు. కానీ గూడు కట్టేదంతా ఆమే. బాత్రూం కిటికీ దగ్గర సాలెగూళ్ళు పీక్కుపోయి, ఎండుగడ్డి, బెరడు ముక్కలు అతికించి, కరివేపాకు చెట్టుకు సంచీలా వేలాడదీస్తోంది. లోపలికి పోయే దారి మీద చిన్న చూరు కూడా పెట్టింది.

"బూజు దులపాల మే" అంటూ అమ్మ చీపురు తీసింది.

"వద్దు మా, ఆ పిట్టకు కావాల."

అమ్మ కాసేపు నిలబడి చూసింది. "అంతా అదొక్కటే చేసుకుంటాందే!" అని చీపురు పక్కన పెట్టేసింది. పిల్లలకు పురుగులు తెచ్చిపెట్టేటప్పుడు మగది కూడా సాయం చేస్తుందని చెప్తే, "ఆ మాత్రమన్నా చేయనీలే" అంది.

కడపలో పిట్టలంటే అందరూ కలివికోడి మాటే ఎత్తుతారు. 1900 తర్వాత ఎవరికీ కనబడక, 1986లో మన లంకమల కొండల వైపు మళ్ళీ దొరికిన పిట్ట, ఎత్తకుండా ఎట్లుంటారు? నాకూ దాన్ని చూడాలనే ఉంది. అయినా ఈ పది సెంటీమీటర్ల పిట్ట మీద నాకున్న ప్రేమ దానికేం తక్కువ కాదు.

గూడు దగ్గరికి మాత్రం కెమెరాతో పోను. గుడ్లు పెట్టే వేళ బెదిరిస్తే గూడు వదిలేసి పోవచ్చు. పెరటి గోడకు సున్నం కొట్టించే పని పిల్లలు ఎగిరిపోయేదాకా ఆపమని రాత్రి నాన్నకు చెప్పాలి.