ఇల్లు గుర్తొస్తే ఏం తినాలి?

ఈ వేసవి సెలవుల్లో, మేముంటున్న పరాయి దేశం నుంచి మా ఊరు అనంతపురం చేరిన మూడో రోజు ఉదయం, మా అమ్మ బొరుగులతో ఉగ్గాని చేసి, పక్కన మిరపకాయ బజ్జీలు పెట్టి పిలిచినప్పుడు, తొమ్మిదేళ్ళ మా అమ్మాయి ప్లేటు వైపు చూసి "నాకు మన టోస్టు కావాలి" అంది. పదకొండు నెలలుగా ఆ ఉగ్గాని కోసమే ఎదురుచూసిన నాకు చాలా కోపం వచ్చింది. ఇంత దూరం వచ్చి బ్రెడ్డు అడగడమేమిటని గట్టిగానే మందలించాను. అప్పుడు తను సగం తెలుగులో, సగం ఇంగ్లీషులో అన్న మాటను ఇక్కడ మొత్తం తెలుగులో రాస్తున్నాను: "అక్కడుంటే మన ఊరు గుర్తుండాలని ఉగ్గాని తినమంటావు. ఇక్కడికొస్తే మన ఊరికొచ్చాం కదా అని ఉగ్గాని తినమంటావు. మరి నాకు ఇల్లు గుర్తొస్తే నేనేం తినాలి?"

నేను జవాబు చెప్పలేదు. ముందు తిను, తర్వాత మాట్లాడదాం అన్నాను. తను తల వంచుకొని నాలుగు ముద్దలు తిని లేచిపోయింది.

తను 'మన టోస్టు' అన్నది రవ్వ టోస్టును. తనకు నాలుగేళ్ళప్పుడు, సాయంత్రం బడి నుంచి ఆకలితో వచ్చి, రాత్రి వంట అయ్యేదాకా ఆగలేక ఏడ్చే రోజుల్లో మొదలైన వంట అది. అరకప్పు బొంబాయి రవ్వలో అంతే పెరుగు, తగినంత ఉప్పు వేసి పది నిమిషాలు నాననిస్తాను. ఈలోగా ఉల్లిపాయ, క్యాప్సికం, కొత్తిమీర సన్నగా తరుగుతాను, టమోటా వేస్తే లోపలి గింజలూ రసమూ తీసేస్తాను. కూరగాయల ముక్కలను చివరి నిమిషంలోనే కలపాలి, ఎందుకంటే ఉప్పు తగలగానే అవి నీరు వదిలి ముద్దను జారుగా చేస్తాయి. రవ్వ పెరుగులోని తడిని పీల్చుకొని గట్టిపడిన తర్వాత, ఆ ముద్దను బ్రెడ్డుకు ఒకవైపు అంచులదాకా పలుచగా పట్టించి, నూనె రాసిన పెనం మీద ముద్ద ఉన్న వైపును కిందికి ఉంచి, సన్నని మంట మీద మూడు నాలుగు నిమిషాలు కదపకుండా వదిలేయాలి. తొందరపడి తిప్పితే రవ్వ పెనానికి అంటుకొని బ్రెడ్డు మాత్రం చేతికి వస్తుంది. రవ్వ ఉడికి, ఎర్రగా కాలి, తనంతట తానే పెనాన్ని వదిలినప్పుడు తిప్పి రెండో వైపు ఒక నిమిషం కాల్చితే చాలు. ఆ కొలతకు ఆరు ముక్కలు అవుతాయి.

ఐదేళ్ళుగా వారానికి రెండు మూడు సార్లు చేస్తూ వచ్చినా, దాన్ని నేనెప్పుడూ మన తిండిగా లెక్కపెట్టలేదు. అది ఆకలి వేళకు ఆదుకునే ఉపాయమే తప్ప పిల్లలకు అందించవలసినదేదీ అందులో లేదనుకున్నాను. అందించవలసినదంతా ఆదివారం ఉదయం ఉగ్గానిలో ఉందని నమ్మాను. బొరుగులను నీళ్ళలో తడిపి పిండి, తిరగవాతలో కలిపి, పప్పుల పొడి చల్లి, అమ్మకు వీడియోలో చూపించేవాణ్ణి. టోస్టు చేసిన సాయంత్రాలు ఫోను మోగితే కెమెరాను గోడ వైపు తిప్పిన సందర్భాలూ ఉన్నాయి. బిడ్డకు బ్రెడ్డు పెడుతున్నానని అమ్మ అనుకుంటుందేమోనని నాకు సిగ్గు వేసేది. మా చిన్నతనంలో బ్రెడ్డు జ్వరం వచ్చినప్పుడు పాలలో ముంచి పెట్టే పథ్యం, అది ఇంట్లోకి వచ్చిందంటే ఎవరో మంచం పట్టారని అర్థం. ఆ లెక్కనే నేను నా కూతురి మీద రుద్దానని ఇప్పుడు అనిపిస్తోంది.

ఆ రోజు మధ్యాహ్నం అమ్మ నాతో, "పిల్ల అడిగిందాంట్లో తప్పేముండాదప్పా? నువ్వు ఆడికి పోయినాక ఉగ్గాని ఉగ్గాని అని ఫోన్లో అంగలార్చలేదా?" అంది. ఆ మాటతో నాకు పొద్దున తట్టని సంగతి తట్టింది. పరాయి దేశంలో ఉగ్గాని నాకు ఏమవుతుందో, అనంతపురంలో టోస్టు నా కూతురికి అదే అవుతుంది. తను పుట్టి పెరిగిన వంటింటి వాసన పెరుగు రవ్వ కాలే వాసన. 'ఇల్లు' అన్నప్పుడు మేమిద్దరం వేరువేరు దిక్కులకు చూస్తున్నామన్న సంగతిని నేను ఇన్నేళ్ళూ ఒప్పుకోలేకపోయాను.

సాయంత్రం అమ్మ పాపను వంటింట్లోకి పిలిచి, "ఏం టోస్టమ్మా అది, నాకు చెప్పు, ఇద్దరమూ చేద్దాం" అంది. మా అమ్మకు ఇంగ్లీషు రాదు, ఆ టోస్టు ఎలా చేయాలో ఇంట్లో నాకూ పాపకూ తప్ప ఎవరికీ తెలియదు. నేను కావాలనే బయట వరండాలో కూర్చున్నాను. రవ్వ నానాలి జేజీ, ఇప్పుడే ముక్కలు వేయొద్దు, నీళ్ళొస్తాయి, ముద్ద కిందికి పెట్టాలి, కదపకూడదు, అదే వదులుతుంది అంటూ తను ఒక్కొక్క మాటనూ వెతుక్కుంటూ, ఆగుతూ, మళ్ళీ అందుకుంటూ పావుగంటసేపు తెలుగులో మాట్లాడింది. ఏళ్ళ తరబడి ఆదివారం తెలుగు బడికి పంపి, శనివారం రాత్రి భోజనం దగ్గర తెలుగే మాట్లాడాలని నియమం పెట్టి, మాట తప్పితే కసిరిన నేను, తను అంతసేపు తెలుగులో మాట్లాడగా అంతకుముందు వినలేదు. దానికి నా నియమం కారణం కాదు. తనకు తెలిసినదొకటి జేజికి తెలియకపోవడమే కారణం.

అయితే ఆ సంభాషణలోనే నన్ను బాధపెట్టినది కూడా ఉంది. పాప 'ఉల్లిపాయ' అంటే అమ్మ "ఎర్రగడ్డనా?" అని అడిగింది. పాప నన్ను కేకేసి, ఎర్రగడ్డ అంటే ఏమిటని అడిగింది. తర్వాత ఉర్లగడ్డ, తెల్లగడ్డ, చెనిక్కాయలు వచ్చాయి, ఒక్కటీ తనకు తెలియదు. బంగాళాదుంప, వెల్లుల్లి, వేరుశనగ అని నేర్పినవాణ్ణి నేనే. చదువుకోసం ఊరు వదిలి వెళ్ళినప్పుడు, హాస్టల్లో నా మాట విని తోటివాళ్ళు నవ్వినప్పుడు, నేనే ఆ మాటలను ఒక్కొక్కటిగా మానుకున్నాను. పిల్లకు ఆ నవ్వు తగలకూడదని పుస్తకాల మాటలే నేర్పాను. కూతురు అనంతపురం తిండి తినాలని పట్టుబట్టినవాణ్ణి, అనంతపురం మాట మాత్రం దాని చెవిన పడకుండా జాగ్రత్తపడ్డాను. ఈ రెండూ ఒకే మనిషి ఎలా చేశాడని నన్నెవరైనా అడిగితే, చెప్పుకోవడానికి నా దగ్గర సరైన కారణం లేదు.

టవర్ క్లాక్ దగ్గరి బేకరీ నుంచి తెచ్చిన బ్రెడ్డు మరీ మెత్తగా, కొంచెం తియ్యగా ఉండటంతో మొదటి రెండు ముక్కలూ పెరుగు తడికి నాని చిరిగిపోయాయి. పాప ముఖం చిన్నబోయింది. అమ్మ వాటిని పక్కన పెట్టి, "శానా మెత్తగుండాది, కొంచేపు ఎండలో పెడితే గట్టిపడ్తాది" అని మిగిలిన ముక్కలను పళ్ళెంలో పరిచి, పలుచటి గుడ్డ కప్పి, మిద్దె మీదికి తీసుకెళ్ళింది. అనంతపురంలో మే నెల ఎండ సాయంత్రం ఐదింటికి కూడా తగ్గదు. అరగంటలో ముక్కలు పైపైన ఎండి, ముద్దను పట్టుకునేంత బిగువు తెచ్చుకున్నాయి. ఆరిన బ్రెడ్డు తడిని నెమ్మదిగా తాగుతుందని, అందుకే నిన్నటి బ్రెడ్డుతో చేసిన టోస్టు కరకరలాడుతుందని నాకు తెలుసు, కానీ ఎండను వాడుకోవాలన్న ఆలోచన నాకు ఎన్నటికీ వచ్చేది కాదు. ఆ రోజు టోస్టులో జేజి చేయి అంతవరకే ఉంది, అయినా అది మేము అక్కడ చేసుకునే టోస్టు కాకుండా పోయింది. పాప మూడు ముక్కలు తింది.

అప్పటినుంచి, ఏది మనది, ఏది కాదు అన్న విషయం మీద నా పాత నమ్మకం నిలవడం లేదు. ఉగ్గానిలో పడే పచ్చిమిర్చి, టమోటా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. మా జిల్లా బతుకంతా ఆధారపడిన చెనిక్కాయ పుట్టిల్లు దక్షిణ అమెరికా. వానలు సరిగా పడని మా ఎర్రనేలలో అది నిలదొక్కుకోకపోయి ఉంటే మా ఊళ్ళో ఎంతమంది ఇంకా సేద్యంలో ఉండేవారో చెప్పలేను, అయినా దాన్ని పరాయి పంట అని మా నాయన ఏనాడూ అనుకోలేదు. బ్రెడ్డు విషయమూ అంతే. మాకు దగ్గరి మహానగరం బెంగళూరు. అక్కడ చిక్కపేటలో 1898లో హాసన్ ప్రాంతం నుంచి వచ్చిన అయ్యంగార్లు బేకరీ తెరిచారు. గుడ్డు తగలని బ్రెడ్డు కాల్చిన ఆ బేకరీలలోనే, ఉల్లిపాయ, క్యారెట్టు, పచ్చిమిర్చి మసాలా పెట్టిన కారపు టోస్టు కూడా దొరుకుతుంది. బతుకుతెరువుకు ఊరు వదిలి వెళ్ళినవాళ్ళు పరాయి రొట్టెను తమ నాలుకకు తగ్గట్టు మార్చుకున్నారు. నా వంటింట్లో జరిగినదీ అలాంటిదే. నేను దాన్ని గౌరవించలేదు, అంతే తేడా.

ఇంతవరకూ రాశాక, నాలాంటి తల్లిదండ్రులకు ఒక మాట చెప్పాలనిపిస్తుంది: పిల్లలకు ఇష్టమైన వంటను వాళ్ళ చేతనే పెద్దవాళ్ళకు నేర్పించండి, వాళ్ళకు తెలిసినదాన్ని అడిగి తెలుసుకునేవాళ్ళు ఉంటే భాష దానంతట అదే వస్తుంది. కానీ ఆ సలహాను నేనే పాటించలేదు. మర్నాడు సాయంత్రం పాప మళ్ళీ టోస్టు అడిగితే, ఎలాగూ చేస్తున్నాం కదా అని ముద్ద మీద చెనిక్కాయల పొడి చల్లాను. మన ఊరి రుచి ఏదో ఒక దారిలో లోపలికి వెళ్ళాలన్న పంతం నాలో ఇంకా చావలేదు. పాప ఏమీ అనలేదు. చెంచాతో ఆ పొడిని గీకి ప్లేటు అంచుకు పెట్టి, మిగిలినది తింది. అమ్మ నా వైపు చూసింది, కానీ మాట్లాడలేదు.

ఆ పంతం పూర్తిగా తప్పని కూడా నేను అనలేకపోతున్నాను. నేను వదిలేస్తే ఉగ్గాని తన జీవితంలోంచి నిశ్శబ్దంగా వెళ్ళిపోతుంది, అది వెళ్ళిందని తనకు తెలియను కూడా తెలియదు. అమ్మకు డెబ్బై రెండేళ్ళు. ఆ చేతి ఉగ్గానిని నా కూతురు ఇంకెన్ని వేసవులు తినగలదో లెక్కపెట్టుకున్న రాత్రులు నాకు ఉన్నాయి. పట్టుబడితే అయిష్టం మిగులుతుంది, పట్టుబట్టకపోతే ఏమీ మిగలకపోవచ్చు. ఈ రెండింటి నడుమ ఎంతవరకు పోవాలో నేర్పేవాళ్ళు నాకు ఎవరూ కనిపించడం లేదు, మా నాయనకు ఈ సమస్యే రాలేదు.

తిరిగి వచ్చి మూడు వారాలైంది. ఉగ్గాని ఆదివారాలు మానలేదు, కానీ ప్లేటులో ఎంత పెట్టుకోవాలన్నది తననే నిర్ణయించుకోమన్నాను. ఒక ఆదివారం రెండు చెంచాలు పెట్టుకుంది, మరో ఆదివారం అసలు పెట్టుకోలేదు. టోస్టు చేసిన సాయంత్రం జేజికి ఫోను చేసి, బ్రెడ్డు ఇక్కడ ఎండలో పెట్టడం కుదరదని, టోస్టరులో ఒకసారి వేడి చేసి ముద్ద పెడుతున్నామని చెప్పింది. ఈసారి కెమెరా పెనం వైపే ఉంది.

మొన్న ఆదివారం తెలుగు బడిలో కూరగాయల పేర్లు రాయమంటే, ఉల్లిపాయ బొమ్మ కింద తను 'ఎర్రగడ్డ' అని రాసింది. దాన్ని ఎర్రసిరాతో కొట్టేసి పైన 'ఉల్లిపాయ' అని దిద్దారు. తను కాగితం తెచ్చి నా ముందు పెట్టి, "జేజి తప్పు చెప్పిందా నాన్నా?" అని అడిగింది. జేజి తప్పు చెప్పలేదు అన్నాను. మరి వచ్చే వారం పరీక్షలో ఏది రాయమంటావు అంది. ఆ కాగితం ఇప్పటికీ ఫ్రిజ్ మీదే ఉంది, నేనింకా తనకు చెప్పలేదు.