ప్లగ్ పెట్టే పని పిల్లలకు: తెలుగు ఇంట్లో ప్లగ్-ఇన్ హైబ్రిడ్ బండి

అమెరికాలో పిల్లలున్న తెలుగు ఇళ్ళలో బండి తిరిగే దారులు దాదాపు ఒక్కలాగే ఉంటాయి. వారమంతా బడి, ఆఫీసు, సాయంత్రం కూచిపూడో ఈతో, దారిలో ఇండియన్ స్టోరు. రోజుకు 30, 40 మైళ్ళు దాటడం అరుదు. శనాదివారాల్లో మనబడి తెలుగు క్లాసు, గుడి, ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతం. ఏడాదికో రెండేళ్ళకో సూట్‌కేసులు నింపుకుని ఎయిర్‌పోర్టుకి. ఈ తిరుగుడుకి ప్లగ్-ఇన్ హైబ్రిడ్, అంటే గోడ ప్లగ్‌తో చార్జి చేసుకునే పెద్ద బ్యాటరీ, పెట్రోలు ఇంజను రెండూ ఉన్న బండి, కొలతలు తీసి కుట్టించినట్టు సరిపోతుంది. టయోటా రావ్4 ప్రైమ్ పూర్తి చార్జితో 42 మైళ్ళు కరెంటు మీదే పోతుంది, 2023 నుంచి వచ్చిన ప్రియస్ ప్రైమ్ 44 దాకా, ఏడు సీట్ల క్రైస్లర్ పసిఫికా హైబ్రిడ్ 32. ఇవి ప్రభుత్వ లెక్కలు, చలికాలం సంగతి వేరు. చార్జి అయిపోయాక మామూలు హైబ్రిడ్‌లా పెట్రోలు మీద నడుస్తుంది.

షరతు ఒక్కటే, రోజూ రాత్రి ప్లగ్ పెట్టాలి. పెట్టనివాళ్ళు పెద్ద బ్యాటరీ బరువును ఊరికే మోసుకు తిరుగుతున్నట్టే. అపార్ట్‌మెంటులో ఉంటూ సొంత సాకెట్ లేనివాళ్ళు మామూలు హైబ్రిడ్ కొనుక్కోవడమే మంచిది. పైగా కొత్త బండికి ఇచ్చే ఫెడరల్ పన్ను రాయితీ 2025 సెప్టెంబర్ 30తో ఆగిపోయింది, కాబట్టి ఆ ఆశతో లెక్కలు వేసుకోవద్దు.

కరెంటు ఎప్పుడూ చవకే అనుకోవడం కూడా పొరపాటు. రావ్4 ప్రైమ్ 100 మైళ్ళకు గోడ నుంచి 36 యూనిట్లు లాగుతుంది, అదే పెట్రోలు మీదైతే గ్యాలనుకు 38 మైళ్ళు ఇస్తుంది. ఈ రెండింటి నుంచి ఒక సులువైన లెక్క వస్తుంది. గ్యాలను ధరను 14తో భాగిస్తే వచ్చేదానికంటే యూనిట్ ధర తక్కువైతేనే ప్లగ్ లాభం. గ్యాలను 3 డాలర్ల 20 సెంట్లయితే హద్దు సుమారు 23 సెంట్లు. యూనిట్ 15 సెంట్లకు దొరికే ఊళ్ళో అనుమానమే లేదు. కాలిఫోర్నియాలో కొన్ని ప్లాన్లలో పగటి కరెంటు ఆ హద్దు దాటేస్తుంది. అక్కడ రాత్రి రేటు ప్లాను తీసుకుని, బండిలో చార్జింగ్ మొదలయ్యే టైము పెట్టుకోవాలి. టైము పెట్టుకున్న రోజుల్లో సాయంత్రం ఏడింటికి ప్లగ్ పెట్టినా చార్జింగ్ మొదలవదు. పాడైందేమో అని పిల్లలు కంగారుపడకుండా ముందే చెప్పాలి.

ఇక గరాజ్. తెలుగువాళ్ళ గరాజ్‌లో రెండో ఫ్రిజ్ ఉండి తీరుతుంది: ఇడ్లీ పిండి, కరివేపాకు, ఊరినుంచి మోసుకొచ్చిన ఆవకాయ, పార్టీ రోజున పెరుగు డబ్బాలు. గొడవ మొదలయ్యేది ఇక్కడే. బండితో వచ్చే వైరు 120 వోల్టుల సాకెట్ నుంచి గంటల తరబడి 12 ఆంపియర్లు లాగుతుంది. 15 ఆంపియర్ల లైను అంతసేపు మోయగలిగేదే అంత. ఫ్రిజ్ అదే లైను మీదుంటే, కంప్రెసర్ మొదలైన క్షణాన బ్రేకరు పడిపోవచ్చు. రాత్రి పడితే తెల్లారేదాకా ఎవరూ చూడరు. పొద్దున బండికి చార్జి ఉండదు, పిండి పులిసి పొంగి అరంతా కారి ఉంటుంది. బండి కొనకముందే ఒక పని చేయండి: బ్రేకరు బోర్డులో గరాజ్ లైను ఆపి, ఇంట్లో ఏవేవి ఆగాయో చూడండి. బయటి దీపాలు, బాత్‌రూం సాకెట్ కూడా దానిమీదే ఉండటం పాత ఇళ్ళలో మామూలే. లైను పంచుకోక తప్పకపోతే, చాలా బళ్ళ సెట్టింగుల్లో చార్జింగ్‌ను 8 ఆంపియర్లకు తగ్గించే వీలుంది. నిదానంగా ఎక్కుతుంది, ఫ్రిజ్ బతుకుతుంది.

ఎక్స్‌టెన్షన్ వైరు మాత్రం వద్దు. సాకెట్ పాతదైతే లోపలి రేకులు వదులై, ప్లగ్ బిగువుగా పట్టక అక్కడే వేడెక్కుతుంది. చార్జింగ్ పెట్టిన అరగంటకు గోడ ప్లగ్‌ను చేత్తో తాకి చూడాలి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, పట్టుకోలేనంత వేడిగా ఉన్నా ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగినా ఎలక్ట్రీషియన్‌ను పిలిచి గట్టి సాకెట్ వేయించాలి. 240 వోల్టుల చార్జర్ కావాలా అంటే చాలా ఇళ్ళకు అక్కర్లేదు. రావ్4 ప్రైమ్ 120 వోల్టుల మీద 12 గంటల్లో నిండుతుంది. సాయంత్రం ఏడింటికి ఇంటికొచ్చి పొద్దున ఏడింటికి బయల్దేరే ఇంటికి అది చాలు. మధ్యలో ఇంటికొచ్చి మళ్ళీ క్లాసులకు పరుగెత్తేవాళ్ళకు 240 పనికొస్తుంది, నాలుగున్నర గంటల్లో అయిపోతుంది. 20 ఆంపియర్ల విడి లైను వేయిస్తే దానికి సరిపోతుంది. పసిఫికా పూర్తి వేగంతో ఎక్కాలంటే 40 ఆంపియర్లది కావాలి.

ప్లగ్ పెట్టే పని ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలకు అప్పగించవచ్చు. గోడవైపు ప్లగ్ జోలికి పిల్లలు పోకూడదు, అది పెద్దవాళ్ళు ఒకసారి పెట్టి వదిలేసేది. పిల్లలది బండివైపు పని: మూత తీయడం, లోపల తడి, పురుగు, చెత్త ఉన్నాయేమో చూడటం, గన్ (వైరు చివర బండికి తగిలించే పిడి) టక్కుమనేదాకా నెట్టడం, దీపం వెలిగిందో లేదో చూడటం, మిగిలిన వైరును కాళ్ళకు అడ్డం పడకుండా కొక్కేనికి చుట్టి పెట్టడం. గన్ పూర్తిగా కూర్చుని, బండీ చార్జరూ ఒకదాన్నొకటి గుర్తుపట్టాకే కరెంటు పారుతుంది. తీసేటప్పుడు మీట నొక్కగానే ముందు కరెంటు ఆగుతుంది. గన్ పెట్టి ఉండగా గేరు పడదు. వానలో ముట్టుకుంటే షాక్ కొడుతుందని భయపడే నాయనమ్మకు ఈ మూడు ముక్కలూ మనవరాలే తెలుగులో చెబితే బావుంటుంది.

అక్కడే అసలు లాభం. ఇక్కడి పిల్లల తెలుగు ఎక్కువగా తిన్నావా, పడుకో, చెప్పులు తీయి దగ్గర ఆగిపోతుంది. ఎందుకు, ఎంత, ఎలా అన్న మాటలు వచ్చేసరికి ఇంగ్లీషులోకి జారిపోతారు. బండి రోజూ ఒక అంకె చూపిస్తుంది, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఉంటుంది, దానికో కారణం ఉంటుంది. ఫ్రిజ్ మీది కేలండర్లో ఆ రోజు గడిలో పొద్దున కనిపించిన మైళ్ళూ బయటి చలీ రాయించండి. పైకి తెలుగులో చదవాలి. యాభైకీ ఎనభైకీ తడబడే పిల్లలకు ఇంతకంటే మంచి ఎక్కాల పుస్తకం లేదు. అక్టోబరులో 44 చూపించిన బండి జనవరిలో 30 చూపిస్తే, చలికి బ్యాటరీ మందగించిందనీ, హీటరు కూడా అందులోంచే లాగుతోందనీ వాళ్ళచేతే చెప్పించండి. తప్పులుంటే ఉండనివ్వండి, మధ్యలో ఆపి దిద్దితే రేపట్నుంచి చెప్పరు.

తాతగారు వచ్చినప్పుడు ఈ లెక్క ఇంకా రుచిగా ఉంటుంది. ఆయన చూసిన హైబ్రిడ్ ఇన్నోవా హైక్రాస్, దానికి ప్లగ్ ఉండదు. ఆయన మొదటి ప్రశ్న "లీటరుకి ఎంతిస్తుందిరా?" మనవడికి తెలిసింది గ్యాలనుకు మైళ్ళు. దాన్ని 0.425తో గుణిస్తే లీటరుకు కిలోమీటర్లు, అంటే 38కి సుమారు 16. కరెంటు సంగతిలో తాతగారిదే పైచేయి. యూనిట్ అంటే ఏమిటో మీటరు చూసి బిల్లు కట్టిన ఆయనకు బాగా తెలుసు. గోడ నుంచి 15 యూనిట్లు తీసుకుని 67 కిలోమీటర్లు నడుస్తుందని చెబితే, రూపాయల లెక్క ఆయనే వేసి చెబుతారు.

వాహన పూజకు తీసుకెళ్తే మూడు జాగ్రత్తలు. టయోటా బళ్ళలో చాలావాటికి ముందున్న గుర్తు వెనకాలే రాడార్ ఉంటుంది. దానిమీద పసుపు ముద్ద, దండ ఉంటే ముందు బండిని పసిగట్టే వ్యవస్థ పనిచేయనని మొరాయిస్తుంది. బొట్టు బానెట్ మీద పెట్టండి. చార్జింగ్ మూత లోపల, వెనక కెమెరా మీద కుంకుమ వద్దు. నిమ్మకాయలు తొక్కించేటప్పుడు బండి ఇంజను చప్పుడు లేకుండా కదులుతుంది, పంతులుగారూ పిల్లలూ పక్కకు జరిగారో లేదో కళ్ళతో చూసుకున్నాకే బ్రేకు వదలాలి.

ఈ నిశ్శబ్దంలో పెద్ద ప్రమాదం ఒకటుంది. పార్క్‌లో పెట్టి, బటన్ నొక్కి ఆపడం మరిచి దిగిపోతే బండి బతికే ఉంటుంది, చప్పుడుండదు కాబట్టి తెలియదు. బ్యాటరీ తగ్గాకో, హీటరు అడిగినప్పుడో ఇంజను దానంతటదే మొదలవుతుంది. మూసిన గరాజ్‌లో అది కార్బన్ మోనాక్సైడ్, ప్రాణం తీసే వాయువు, వాసన కూడా రాదు. కొత్తగా డ్రైవింగ్ నేర్చుకునే పదహారేళ్ళవాళ్ళకు మొదటి రోజే చెప్పాల్సింది ఇదే: డ్యాష్‌బోర్డులో రెడీ దీపం ఆరిందో లేదో చూసి దిగు. గరాజ్ పక్క గదిలోనూ పడగ్గదుల బయటా ఈ వాయువును పసిగట్టే అలారం తప్పదు.

చలికాలంలో ఇంజను తరచు మేలుకుంటుంది. రావ్4 ప్రైమ్‌లో బయట సుమారు 14 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే చలి ఉండి హీటరు వేస్తే ఇంజను మొదలవుతుంది, ముందు అద్దం మంచు కరిగించే బటన్ నొక్కినా అంతే. ప్లగ్‌లో ఉండగానే బండిని వేడిచేసుకుని, తర్వాత సీటు, స్టీరింగ్ హీటర్లతో సరిపెట్టుకుంటే మైళ్ళు మిగులుతాయి.

దూరపు గుడికి వెళ్ళేరోజు హైవే ఎక్కగానే హైబ్రిడ్ మోడ్‌కి మార్చి, చార్జిని ఊళ్ళో సిగ్నళ్ళ మధ్యకు దాచుకోవాలి. పసిఫికాలో అలాంటి బటనే లేదు, ఏది ఎప్పుడు వాడాలో బండే చూసుకుంటుంది. పాతది కొనేవాళ్ళు ఒకటి గమనించాలి: 2017, 2018 పసిఫికా హైబ్రిడ్లను 2022లో మంటల భయంతో కంపెనీ రిపేరుకు వెనక్కి పిలిచింది (రీకాల్). బండి నంబరుతో (VIN) ఆ రిపేరు జరిగిందో లేదో చూడకుండా డబ్బివ్వొద్దు. గుడి పార్కింగ్‌లో చార్జర్ ఖాళీగా ఉంటే పెట్టుకోండి గానీ, పూర్తి ఎలక్ట్రిక్ బండి ఎదురుచూస్తుంటే వదిలేయండి. మనకు ట్యాంకులో పెట్రోలుంది, వాళ్ళకు లేదు.

ఎయిర్‌పోర్టు రోజున డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు చదవండి. మనుషులూ సామానూ కలిపి ఎన్ని పౌండ్లు మోయవచ్చో అందులో ఉంటుంది. ఐదుగురు 650 పౌండ్లు, ఎనిమిది పెట్టెలు యాభై చొప్పున 400, మొత్తం 1,050. చిన్న ఎస్‌యూవీలకు ఇది హద్దుమీద ఉండే బరువు, ఎనిమిది పెట్టెలు డిక్కీలో పట్టడం మరో కథ. పసిఫికా హైబ్రిడ్‌లో మధ్య వరస సీట్లు నేలలోకి మడతపడవు, ఆ చోటు బ్యాటరీది. కావాలంటే ముందురోజే ఊడదీసి గరాజ్‌లో పెట్టుకోవాలి.

నెలా నెలన్నర ఇండియాకు వెళ్తుంటే పెద్ద బ్యాటరీని సగం దగ్గర వదలండి, నిండుగానూ వద్దు, ఖాళీగానూ వద్దు. ఆగిపోయేది అది కాదు, చిన్న 12 వోల్టులది. దానికి ట్రికిల్ చార్జర్ (నిదానంగా చార్జి నింపుతూ ఉండేది) పెట్టండి, తాళాలు బండికి దూరంగా ఉంచండి. తిరిగొచ్చాక రిమోట్‌కు బండి పలకకపోతే, రిమోట్ లోపల దాగిన ఇనప తాళంతో డ్రైవరు తలుపు తీయవచ్చు. కొన్ని బళ్ళలో ఈ బ్యాటరీ డిక్కీవైపు ఉంటుంది, డిక్కీ తలుపేమో కరెంటు ఉంటేనే తెరుచుకుంటుంది. అందుకే బానెట్ కింద జంప్ ఇచ్చే మొన (వేరే బ్యాటరీ వైరు తగిలించే చోటు) పెట్టారు. అదెక్కడుందో చెప్పే మాన్యువల్ పేజీని ఫోనులో ఫొటో తీసుకుని, విమానం ఎక్కండి.