లిస్టులోంచి ఒక్కటి తీయాలంటే ఫస్టా, సింగిలా?

చిత్తూరులో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి సీ షార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ప్రోగ్రామ్ రాస్తున్నారనుకోండి. తోతాపురి ట్రాక్టరు గేటు దగ్గరికి రాగానే టోకెన్ ఇస్తారు, తూకం వేస్తారు, ఆ బరువును బట్టే రైతుకు బిల్లు. ఇప్పుడు లోడ్ల లిస్టులోంచి 47వ టోకెన్ తీయాలి. అందుకు సీ షార్ప్‌లో ఫస్ట్, సింగిల్ అనే మెథడ్లు ఉన్నాయి. చాలామంది ఆలోచించకుండా ఫస్ట్‌ఆర్‌డిఫాల్ట్ రాసేస్తారు. షరతుకు సరిపోయే మొదటిదాన్ని ఇస్తుంది, ఏదీ లేకపోతే నల్ (ఏమీ లేదని అర్థం) లాంటి డిఫాల్ట్ విలువ ఇస్తుంది. నా అభ్యంతరం అక్కడే.

టోకెన్లు రోజూ మళ్లీ 1 నుంచి మొదలవుతాయనుకుందాం. లిస్టులో నిన్నటి 47 కూడా ఉంటే, ఫస్ట్‌ఆర్‌డిఫాల్ట్ ముందు దొరికినదాన్ని చేతిలో పెట్టేస్తుంది. ఎర్రర్ రాదు. ఒక రైతు టన్నులు ఇంకో రైతు బిల్లులో పడతాయి. అదే సరిగ్గా ఒక్కటే ఉండాలని పట్టుబట్టే సింగిల్ రాస్తే, రెండో 47 తగలగానే ఇన్‌వాలిడ్ ఆపరేషన్ ఎక్సెప్షన్ అనే ఎర్రర్ వస్తుంది. షరతులో తేదీ కలపలేదని అప్పుడే బయటపడుతుంది. అసలు దొరక్కపోయినా సింగిల్ ఎక్సెప్షనే ఇస్తుంది. లేకపోవడం మామూలే అయిన చోట సింగిల్‌ఆర్‌డిఫాల్ట్ వాడి, నల్ వచ్చిందేమో చూసుకోవాలి. రెండు దొరికితే అదీ ఊరుకోదు.

ఇందుకు ఖర్చు ఉంది. ఫస్ట్ దొరికిన చోటే ఆగుతుంది, సింగిల్ రెండోది లేదని తేల్చుకోవడానికి లిస్టు చివరిదాకా వెళ్తుంది. లోడ్లు ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్‌లో ఉండి, సీ షార్ప్ కోడ్‌ను క్వెరీగా మార్చే ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్ వాడితే, అది ఫస్ట్‌కు టాప్ 1 (ఒక్క రికార్డే చాలు), సింగిల్‌కు టాప్ 2 అని క్వెరీ పంపుతుంది. బిల్లు తప్పడం కన్నా ఆ ఖర్చే నయం. ఫస్ట్ వాడాల్సిన చోటూ ఉంది: ఆఖరుగా వచ్చిన లోడు కావాలంటే వచ్చిన సమయం మీద ఆర్డర్‌బైడిసెండింగ్ (పెద్దది ముందు వచ్చేలా వరుస) పెట్టి ఫస్ట్ తీయండి. ఆర్డర్ చెప్పకపోతే డేటాబేస్ ఏ రికార్డు ముందు ఇస్తుందో హామీ లేదు.

బరువుల లిస్టు పూర్ణసంఖ్యలైతే ఇంకో చిక్కు. ఏదీ దొరక్కపోతే ఫస్ట్‌ఆర్‌డిఫాల్ట్ 0 ఇస్తుంది. లోడు లేదా, తూకం ఇంకా పడలేదా తెలియదు. సీ షార్ప్ ప్రోగ్రాములు నడిచే డాట్‌నెట్‌లో 6వ వెర్షన్ నుంచి డిఫాల్ట్ విలువ మనమే ఇవ్వొచ్చు, -1 లాంటిది. బరువొక్కటే కాకుండా లోడు ఆబ్జెక్టునే తీయడం ఇంకా మేలు.

పదేపదే వెతికేటట్టయితే తేదీ, టోకెన్ రెండూ కలిపి కీగా డిక్షనరీ (కీ చెబితే దాని విలువ ఇచ్చే పట్టిక) కట్టండి. లిస్టును డిక్షనరీగా మార్చే టుడిక్షనరీకి ఒకే కీ రెండుసార్లు తగిలితే ఆర్గ్యుమెంట్ ఎక్సెప్షన్ వస్తుంది, ఆ తనిఖీ ఉచితం. తీసేటప్పుడు ట్రైగెట్‌వాల్యూ వాడండి, కీ ఉందో లేదో ఎక్సెప్షన్ లేకుండా చెబుతుంది. బ్రాకెట్లతో అడిగితే లేని కీకి ఎక్సెప్షనే.

జావా భాషలో డిక్షనరీ లాంటి హ్యాష్‌మ్యాప్‌ను గెట్‌తో అడిగితే లేని కీకి నల్ ఇస్తుంది. లిస్టులో వెతకడానికి వాడే స్ట్రీమ్‌లో ఫైండ్‌ఫస్ట్ ఆప్షనల్ (విలువ ఉండొచ్చు, లేకపోవచ్చు అని చెప్పే పెట్టె) ఇస్తుంది కానీ సింగిల్‌కు సాటి వచ్చేది స్ట్రీమ్‌లో లేదు. ఫిల్టర్ తర్వాత లిమిట్ 2 పెట్టి లిస్టులోకి తెచ్చుకుని, సైజు 1 కాకపోతే మీరే ఎక్సెప్షన్ వేయాలి.